మైనస్ ఆరు అశ్వశక్తి

మనుషులే కాదు, యంత్రాలు కూడా వయసుకు తగినట్టు మసలుకోవాలన్న సత్యం ప్రభుత్వానికి కొంత ఆలస్యంగా స్ఫురించింది. స్ఫురించాక మాత్రం ఆలస్యం చేయలేదు. ఆ ఏడాది ఎండాకాలం ముగిసేలోగానే 'వయోవృద్ధ వాహన గౌరవ నియమావళి' అమలులోకి వచ్చింది. దానికొక శాఖ, శాఖకొక జిల్లా కార్యాలయం, కార్యాలయానికొక అధికారి, అధికారికొక జీపు ఏర్పడ్డాయి. యాభై ఏళ్లు నిండిన కారును ఇకమీదట పాత కారు అనరాదనీ, వయోవృద్ధ వాహనమనే వ్యవహరించాలనీ మొదటి నియమం. ప్రతి వయోవృద్ధ వాహనాన్నీ ఏడాదికొకసారి శాలువాతో సత్కరించాలని రెండవ నియమం. ప్రారంభోత్సవం నాడు పట్టణంలోని పదకొండు పాత కార్ల బానెట్ల మీద శాలువాలు కప్పి ఊరేగించగా, గాలి ఆడక నాలుగింటి రేడియేటర్లు మరిగి, గడియారస్తంభం దగ్గర ఆవిర్లు కక్కుతూ నిలిచిపోయాయి. అవి ఆనందబాష్పాలని మర్నాడు పత్రికలో అధికారిగారి ప్రకటన వెలువడింది.

ఆ పదకొండింటిలో ఒకటి దువ్వూరి సోమసుందరం గారిది. ముప్ఫై మూడేళ్లు కాలేజీలో భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి ఆయన. ఇస్త్రీ చొక్కా లేనిదే గేటుదాకా కూడా రారు. ఉత్తరం రాస్తే కామా కూడా తన స్థానం దాటదు. ఆయన తండ్రిగారు కొన్న ఆ కారు ఓడలో వచ్చిన చిన్న కారు. నాలుగు సిలిండర్లు, ముప్ఫై అశ్వశక్తి, ఎప్పుడూ ఏదో చూసి ఆశ్చర్యపోతున్నట్టుండే రెండు గుండ్రటి దీపాలు. తయారుచేసిన కంపెనీ ఎన్నడో మూతపడింది. కారు మాత్రం ఆ కబురు ఇంకా అందనట్టు అరవయ్యో ఏట కూడా తిరుగుతూనే ఉంది.

తిరగనిది ఒక్కచోటే. పట్టణానికి పన్నెండు మైళ్ల దూరంలో నెమలికొండ ఉంది. అయిదు మలుపుల ఘాట్ రోడ్డు, పైన ఒక బంగళా, ఆ బంగళా వరండాలో కూర్చుంటే గోదావరి వంపు మొత్తం కనిపిస్తుంది. నలభై అయిదేళ్ల కిందట, పెళ్లయిన తొమ్మిదో రోజున, సోమసుందరం గారు కొత్త పెళ్లికూతురు వర్ధనమ్మను ఎక్కించుకుని అక్కడికి బయలుదేరారు. మూడో మలుపులో కారు దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. వెనకనుంచి వచ్చిన వెదురు లారీ డ్రైవరు 'చెల్లెమ్మా' అని పిలిచి వర్ధనమ్మను పైకి తీసుకుపోయాడు. భర్తగారు నడిచి చేరేసరికి ఆవిడ వరండాలో రెండో కాఫీ తాగుతున్నారు.

ఆ తరువాత ఆయన ఒంటరిగా నాలుగుసార్లు ప్రయత్నించారు. నాలుగుసార్లూ కారు మూడో మలుపు వరకే వచ్చింది. వర్ధనమ్మ ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు. ఇంటికి వచ్చినవాళ్లు నెమలికొండ ప్రస్తావన తెస్తే మాత్రం, "మేం కారున్నవాళ్లం కదండీ, అందుకని కొండకు బస్సులో వెళ్తాం," అని మర్యాదగా చెప్పేవారు. నలభై అయిదేళ్లు విన్న మాట. కిందటి సంక్రాంతి వెళ్లిన వారమే సోమసుందరం గారు మనసులో ఒక నిశ్చయం చేసుకున్నారు. ఈ కారులోనే, ఈవిడనే, ఆ బంగళా మెట్ల దాకా తీసుకుపోవాలి. ఆ పని కాకుండా ఈ కారు గాని, తాను గాని విశ్రమించడానికి వీల్లేదు.

కారును కాలవ గట్టు మీద షెడ్డు పెట్టుకున్న బాజీ మేస్త్రికి అప్పగించారు. ఇంజను విప్పి బల్ల మీద పరిచి, బాజీ సిలిండర్లలోకి బ్యాటరీ లైటు వేసి చూసి నాలుక కరుచుకున్నాడు.

"మాస్టారూ, ఈ సిలిండర్లు గుండ్రంగా లేవండి. కోడిగుడ్డు షేపుకొచ్చేశాయి. పిస్టను ఓ పక్క ఆనుతుంటే రెండో పక్కనించి బలమంతా ఆవిరైపోతంది."

"బోరు పెంచి పెద్ద పిస్టన్లు వేస్తే?"

"వెయ్యొచ్చండి. ఎంత పెంచమంటారు?"

"గోడలు ఎంతవరకు భరిస్తాయో అంతవరకు," అని సోమసుందరం గారు గళ్ల పుస్తకం తెరిచారు. అందులో పదహారు పేజీల లెక్కలున్నాయి.

బాజీ ఆ పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని గౌరవంగా చూసి తిరిగి ఇచ్చేశాడు. "మీ లెక్క మీరు చూసుకోండి, నా చెయ్యి నేను చూసుకుంటాను. రెండూ ఒకచోట కలిస్తే బండి ఎక్కుద్ది."

మూడు నెలలు పట్టింది. సిలిండర్లు తొలిచి మరో పెద్ద బండి పిస్టన్లు అమర్చారు. మంట గట్టిగా తగిలేందుకు పైనుండే హెడ్డును ఒక పిసరు చెక్కించారు. వాల్వులు పెద్దవయ్యాయి, అవి తెరుచుకునే వేళలు మారాయి. క్రాంక్ షాఫ్టును బాజీ స్వయంగా ముఖం కనిపించేలా పాలిష్ పట్టాడు. ఒక కార్బురేటరు ఉండవలసినచోట రెండు వచ్చాయి. వాటిని సరిచేయడానికి బాజీకి ఏ మీటరూ అక్కరలేదు. ఒక రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస కార్బురేటరు నోటి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, అది పీల్చే గాలి చప్పుడు వింటూ మరలు తిప్పేవాడు.

"రెండూ ఒక్క మాట మీద ఉండాలండి. తోడికోడళ్ల లాంటియ్యి. ఒకదానికి గుక్కెడు ఎక్కువ పోశామా, రెండోది అలిగి కూకుంటాది."

చివరకు ఒక ఉదయం ఇంజను పలికింది. ఆ పలుకు విని వర్ధనమ్మ వంటింట్లోంచి గరిటెతోనే గేటుదాకా వచ్చారు. "ఇది మన కారేనా? గొంతు మారిందేమిటండీ?"

"యౌవనం వచ్చింది," అన్నారు సోమసుందరం గారు, నవ్వకుండా.

పాలిటెక్నిక్ ప్రయోగశాలలో కొలిపిస్తే నలభై ఎనిమిది అశ్వశక్తి తేలింది. ఇక కొండకు ముహూర్తం పెట్టుకోవడమే తరువాయి. సరిగ్గా అప్పుడు నియమావళిలోని మూడవ నియమం ఆయన కంట పడింది. 'వయోవృద్ధ వాహనముల శక్తి, వాటి వయోచిత శక్తిని మించరాదు. మించినచో యజమాని స్వయముగా తెలియజేయవలెను.' మరొకరైతే పేజీ తిప్పేసేవారు. సోమసుందరం గారు చొక్కా తొడుక్కుని, నలభై ఎనిమిది అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసిన ఉత్తరంతో కార్యాలయానికి వెళ్లారు.

అక్కడ సూపరింటెండెంటు నూకరాజు ఉత్తరం చదివి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చదివాడు.

"నలభై ఎనిమిదేటండీ బాబూ! బండి వయసెంత?"

"అరవై."

"అరవై ఏళ్లొచ్చిన బండికి నలభై ఎనిమిదా! పదిమందీ వింటే ఏమనుకుంటారండీ?"

"దానికి ఉండవలసిన వయోచిత శక్తి ఎంతో చెబితే ఆలోచిద్దాం," అన్నారు సోమసుందరం గారు.

చిక్కు అక్కడే వచ్చింది. వయోచిత శక్తిని 'తగిన పట్టిక ననుసరించి' గణించాలని నియమావళి చెప్పింది గాని, పట్టికను జతచేయడం మరిచింది. పైవారిని అడిగితే అలుసైపోతామని కార్యాలయం అడగలేదు. వయసునుబట్టి తరుగుదల లెక్కగట్టే పట్టిక ఆ కార్యాలయంలో ఒక్కటే ఉంది. బెంచీలకు, బల్లలకు, ఇనుప బీరువాలకు ఏటా నూటికి రెండు వంతుల చొప్పున తరుగు తీసే పట్టిక. నూకరాజు దాన్నే బయటికి తీసి, కాగితం మీద లెక్క వేశాడు.

"అరవై ఏళ్లు, ఏడాదికి రెండు చొప్పున నూట ఇరవై వంతులు తరుగు. అసలు శక్తి ముప్ఫై. అందులో నూటికి నూట ఇరవై అంటే ముప్ఫై ఆరు. ముప్ఫైలోంచి ముప్ఫై ఆరు తీస్తే..." అని ఆగి, ఇంకొకసారి కూడి, తల ఎత్తాడు. "మైనస్ ఆరండి."

"ఇది బీరువాల పట్టిక!"

"బీరువా కూడా ఇనుమేనండి."

"నాయనా, ఇంజను శక్తి తగ్గితే సున్నా దాకా తగ్గుతుంది. సున్నాకు కింద ఉండదు. ఈ పాఠం నేను ముప్ఫై మూడేళ్లు చెప్పాను."

"తమరు చెప్పింది కాలేజీలోనండి," అన్నాడు నూకరాజు నొచ్చుకోకుండా. "ఇది ఆఫీసు."

విషయం జిల్లా అధికారి ఏకాంబరేశ్వరరావు గారి గదికి చేరింది. ఆయన మాట్లాడేటప్పుడు కూడా దస్తావేజు చదువుతున్నట్టే ఉంటుంది. సోమసుందరం గారి వాదమంతా కళ్లు మూసుకుని విని, కళ్లు తెరవకుండానే తీర్పు చెప్పారు.

"మాస్టారూ, తమ విద్వత్తు పట్ల ఈ కార్యాలయమునకు అపార గౌరవము కలదు. అయినను ఒక వ్యత్యాసమును గమనింప ప్రార్థన. ప్రకృతి ఏమి చేయునో శాస్త్రము చెప్పును. ప్రకృతి ఏమి చేయవలెనో నియమావళి చెప్పును."

ఆ సాయంత్రానికే తాఖీదు అందింది. 'సదరు వాహనమునకు వయోచిత శక్తి మైనస్ ఆరు కాగా, నలభై ఎనిమిది ఉన్నట్లు యజమానియే అంగీకరించి యున్నారు. అనగా ఏబది నాలుగు అశ్వశక్తుల అనధికార శక్తి అందు దాగియున్నది. పదునైదు దినములలోగా వాహనమును మైనస్ ఆరుకు తెచ్చి పరీక్షలో రుజువు పరచనిచో, అది గడియారస్తంభము వద్ద నిర్మించిన గౌరవ పీఠముపై శాశ్వతముగా ప్రతిష్ఠించుటకు స్వాధీనపరచుకొనబడును. వాహనము మరల శ్రమపడకుండునట్లు ఇంజను నందు కాంక్రీటు నింపబడును.'

తాఖీదు విని బాజీ షెడ్డు ముందున్న పాత టైరు మీద కూలబడ్డాడు.

"కాంక్రీటా! ఆ క్రాంక్ షాఫ్టులో మొకం చూసుకుని తల దువ్వుకున్నానండి నేను. దాని మీద సిమెంటు పోస్తారా?"

"శక్తి తగ్గించగలవా, బాజీ?"

"ఓ కార్బురేటరు పీకేస్తే తగ్గుద్ది. రెండు ప్లగ్గులు పీకేస్తే ఇంకా తగ్గుద్ది. అన్నీ పీకేసినా సున్నా కాడ ఆగిపోద్దండి మాస్టారూ. సున్నా కిందకి దిగే పానాలు నా పెట్టెలో లేవు."

ఇంట్లో వర్ధనమ్మ తాఖీదును చిక్కుడుకాయలు ఒలుస్తూ చదివారు. పీఠం దగ్గరికి వచ్చేసరికి నవ్వు తన్నుకొచ్చింది గాని, భర్త ముఖం చూసి ఆపుకున్నారు. "పోనిద్దురూ. వాళ్లకే ఇచ్చేయండి. పువ్వులమొక్కల మధ్య నిలబెడతారట. కొండకు ఎటూ బస్సుంది."

ఆవిడ ఓదార్పుగానే అన్నారు. సోమసుందరం గారు మాత్రం అన్నం సగంలోనే చెయ్యి కడిగేసుకుని, గళ్ల పుస్తకం ముందు వేసుకుని కూర్చున్నారు. వేలమంది విద్యార్థులకు గీసి చూపిన గీతనే మళ్లీ గీశారు. మధ్యన సున్నా. కుడివైపు ప్లస్, ఎడమవైపు మైనస్. అలవాటు కొద్దీ గీత మీద ఒక చిన్న బండి బొమ్మ కూడా వేశారు. ప్లస్ అంటే బండి ముందుకు. మైనస్ అంటే...

ఆయన పెన్సిలు కింద పెట్టి, ఆ బొమ్మను చాలాసేపు చూశారు. తరువాత లేచి, మిగిలిన సగం అన్నం పెట్టమని వర్ధనమ్మను అడిగారు.

మర్నాడు కార్యాలయానికి అందిన ఉత్తరం ఇలా ఉంది. 'గణితమున రుణ చిహ్నము వ్యతిరేక దిశను సూచించునని తమకు విదితమే. కావున మైనస్ ఆరు అశ్వశక్తి గల వాహనమనగా వెనుకకు పోవు వాహనమని అర్థము. నా వాహనము వెనుకకు చక్కగా పోవునని మనవి. పరీక్షింప ప్రార్థన.' అది ఎగతాళి అని ఆయన ఉద్దేశం. ఆ ఉత్తరంతోనైనా తమ మూర్ఖత్వం తమకు కనబడి పట్టికను వెనక్కి తీసుకుంటారని ఆయన ఆశ.

కార్యాలయం ఆ ఉత్తరాన్ని కళ్లకద్దుకుంది. మైనస్ ఎలా సాధ్యమని, అలాంటి తాఖీదులే అందుకున్న మిగతా యజమానులు అర్జీల మీద అర్జీలు పెడుతుంటే ఏం జవాబివ్వాలో తోచక తల పట్టుకున్నవారికి, వెదకబోయిన తీగ కాలికే తగిలినట్టయింది. మూడో రోజుకల్లా 'వయోవృద్ధ వాహనములు ఇకమీదట వెనుకకు మాత్రమే నడుపబడవలెను' అని ఉత్తర్వు వచ్చింది. నాలుగో రోజు పట్టణంలో ఒక డాక్టరుగారి కారు వెనక్కి వెనక్కి ఆసుపత్రికి వెళ్లడం, ఒక మిల్లు యజమాని మెడ పట్టేసి అదే ఆసుపత్రిలో చేరడం జనం చూశారు. ఒక లాయరుగారి కారుకు సరిగ్గా యాభై ఏళ్లే. పట్టిక ప్రకారం దాని శక్తి సున్నా. దాని తరువాతి పుట్టినరోజు వచ్చి మైనస్‌లోకి దిగేదాకా అది ముందుకు గాని వెనుకకు గాని కదలరాదని తేల్చి, చక్రాలకు లక్క ముద్రలు వేశారు.

సోమసుందరం గారికి వచ్చిన ప్రత్యేక తాఖీదులో మరో రెండు వాక్యాలున్నాయి. శక్తి పరీక్ష ఏటవాలు మీదనే జరగాలి గనుక, జిల్లాలో అట్టి ఏటవాలు నెమలికొండ ఒక్కటే గనుక, వాహనం కొండ అడుగు నుంచి బంగళా వరకు వెనుకకు ఎక్కి చూపాలి. నడిపేవారికి వెనుక దారి చెప్పడానికి కుటుంబ సభ్యులొకరు 'వెనుకచూపు సహాయకులు'గా వెనుక సీటులో తప్పక ఉండాలి.

ఆయన ఆ వాక్యాలు మూడుసార్లు చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"వర్ధనం, నిన్ను ప్రభుత్వం పిలుస్తోంది."

"నన్నా? ఎక్కడికండీ?"

"నెమలికొండకు."

"ఎన్ని గంటల బస్సుకు?"

"కారులో."

ఆవిడ పొయ్యి తగ్గించి వెనక్కి తిరిగారు. ఆయన కళ్లలో ఏం కనిపించిందో గాని, అలవాటైన ఎత్తిపొడుపు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. "సరే, వస్తాను. ఒక్కటే మాట. ఎక్కడన్నా ఆగిపోతే నేను ఇంకో లారీ మాత్రం ఎక్కను. పులిహోర కలుపుకొస్తాను, అక్కడే కూర్చుని తినేద్దాం."

పరీక్ష నాటి ఉదయం తొమ్మిది గంటలకు నెమలికొండ అడుగున కారు తోక కొండవైపు, ముక్కు పట్టణంవైపు పెట్టి సిద్ధంగా నిలిచింది. స్టీరింగు దగ్గర ఇస్త్రీ చొక్కాలో సోమసుందరం గారు, పక్కన నీళ్ల డబ్బాతో బాజీ, వెనుక సీటులో పక్కకు తిరిగి వెనక అద్దంలోంచి చూస్తూ, ఒళ్లో పులిహోర గిన్నెతో వర్ధనమ్మ. తనిఖీ చేసే అధికారి వాహనం పరీక్షింపబడే వాహనాన్ని అనుసరించాలన్న నిబంధన ప్రకారం, ఏకాంబరేశ్వరరావు గారూ నూకరాజూ కూర్చున్న జీపు దిగువన నిలిచింది.

దీని ఫలితం ఎవరూ ముందుగా ఊహించలేదు. కారు వెనక్కి ఎక్కుతుంటే జీపు ముందుకు ఎక్కుతోంది. కాబట్టి రెండు వాహనాలూ ముఖాముఖీగా, పది అడుగుల ఎడంలో, అద్దానికి అద్దం ఎదురుగా కొండ ఎక్కసాగాయి. సోమసుందరం గారు మర్యాదస్థులు గనుక ఎదురుపడ్డ అధికారికి నమస్కరించారు. అధికారి ప్రతినమస్కారం చేశారు. తరువాత ఇద్దరికీ చూపు తిప్పుకునే చోటు లేకపోయింది. మొదటి మలుపు తిరిగాక మళ్లీ ఎదురుపడ్డారు గనుక మరొక నమస్కారం చేయవలసి వచ్చింది. మలుపు మలుపుకూ నమస్కారం నిబంధనల్లో ఉందో లేదో చూడమని అధికారి నూకరాజుతో అనడం పెదవుల కదలికను బట్టి కారులోకి తెలిసింది.

"కుడికండీ, కుడికి," అంటున్నారు వర్ధనమ్మ.

"నా కుడికా, నీ కుడికా?"

"కొండ ఉన్నవైపుకండీ. లోయ ఉన్నవైపు ఎటూ మీరే పోనిస్తున్నారు."

"అమ్మగారు చెప్పినట్టు తిప్పండి మాస్టారూ," అన్నాడు బాజీ, నీళ్ల డబ్బాను కావలించుకుని.

ఎగువ నుంచి దిగుతున్న బస్సు డ్రైవరు, ఎర్ర దీపాలు ముందు పెట్టుకుని తన మీదికి వస్తున్న కారును, దానితో ముఖాముఖీ వస్తున్న జీపును చూసి, వీటిలో ఏది ఎటు పోతోందో తేల్చుకోలేక, బస్సును కొండ అంచుకు ఆనించి ఆపి, రెంటికీ కలిపి ఒక దండం పెట్టాడు.

మూడో మలుపు వచ్చింది. నిటారుగా లేచే చోటు. సోమసుందరం గారి మెడ మీద చెమట కాలరులోకి జారుతోంది. బాజీ కళ్లు మూసుకుని, చెవిలో గొట్టం లేకుండానే రెండు కార్బురేటర్ల మాటా వింటున్నాడు. వర్ధనమ్మ దారి చెప్పడం మానేశారు. ఇంజను ఒక్కసారి గొంతు దించింది. దించి, లోతైన స్వరం ఒకటి అందుకుని, ఏదో బరువైన పెట్టెను మెట్టు మీదికి ఎత్తి పెట్టినంత నిదానంగా కారును మలుపు మీదికి ఎత్తింది. దారి మళ్లీ చదునైంది.

"కుడికి," అన్నారు వర్ధనమ్మ చివరకు. అంతదాకా తెరవడానికి సిద్ధంగా పెట్టుకున్న పులిహోర గిన్నె మూతను మళ్లీ గట్టిగా నొక్కారు.

నాలుగో మలుపులో ఆగిపోయింది జీపు. నడక కన్నా నెమ్మదిగా పోయే కారు వెనక, అంతసేపు క్లచ్చి మీద కాలు పెట్టి నడిపేసరికి, క్లచ్చి ప్లేటు కమురు వాసన కొట్టి చేతులెత్తేసింది. ఏకాంబరేశ్వరరావు గారు దిగి, తమ జీపును, ఎదురుగా గురగురలాడుతున్న మైనస్ ఆరు అశ్వశక్తిని మార్చి మార్చి చూశారు. తనిఖీ అధికారి బంగళా వరకు వాహనంలోనే వెళ్లాలని నిబంధన. కాలినడకన వెళ్తే పరీక్ష చెల్లదు. వేరే ఉపాయం లేదు. రెండు బళ్లూ ఎలాగూ ముక్కుకు ముక్కు ఎదురుగా ఉన్నాయి. బాజీ మోకు తెచ్చి ఈ ముక్కును ఆ ముక్కుకు కట్టాడు. సోమసుందరం గారు క్లచ్చి వదిలారు. చిన్న కారు గుండ్రటి కళ్లతో జీపును చూస్తూ, వెనక్కి వెనక్కి నడుస్తూ, అధికారినీ సూపరింటెండెంటునూ వారి దస్త్రాలతో సహా నెమలికొండ పైకి లాక్కుపోయింది.

బంగళా ముందు దిగిన తరువాత అధికారిగారు వరండా బల్ల మీద నివేదిక రాయడానికి కూర్చున్నారు. కలం సగంలో ఆగింది.

"నూకరాజు గారూ, ఒక ధర్మసందేహము. మైనస్ ఆరు గల వాహనము మన జీపును లాగెను గదా. అట్లు లాగగలిగెననగా, లాగబడిన దానికి అంతకంటె తక్కువ శక్తి యుండవలెను గదా?"

"అవునండి. కనీసం మైనస్ ఏడన్నా ఉండాలండి."

"మన జీపు అసలు శక్తి?"

"డెబ్భై అండి." నూకరాజు పట్టిక తీశాడు. ఈసారి కింది నుంచి పైకి లెక్క వేశాడు. "డెబ్భై నుంచి మైనస్ ఏడుకు రావాలంటే డెబ్భై ఏడు తరగాలండి. అంటే నూటికి నూట పది వంతులు. ఏడాదికి రెండు చొప్పున..." అతను గొంతు తగ్గించాడు. "జీపుకు యాభై అయిదేళ్లండి."

"అది తయారై నాలుగేండ్లే గదా?"

"తయారై నాలుగేళ్లేనండి. వయసు మాత్రం యాభై అయిదు."

ఏకాంబరేశ్వరరావు గారు నిట్టూర్చి, జీపువైపు కొత్త గౌరవంతో చూశారు. నియమావళి ముందు తన పర భేదం లేదని చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. సోమసుందరం గారి వాహనం మైనస్ ఆరు అశ్వశక్తితో నియమబద్ధంగా వెనుకకు పోతున్నట్లు అక్కడికక్కడే ధ్రువపత్రం రాసి, ముద్ర వేసి ఇచ్చారు. గౌరవ పీఠం సిద్ధంగా ఉన్నది, ఆవిష్కరణ తేదీ ఖరారైనది, కాంక్రీటు వారు రెండుసార్లు వచ్చి పోయారు. రుజువైన వయోవృద్ధ వాహనం, అందులోనూ వెనుకకు కూడా పోలేనిది, ఎదుటనే ఉన్నది. తరువాతి వారం ఆ జీపును శాలువాతో సత్కరించి, ఇంజనులో కాంక్రీటు నింపి, పీఠం మీద ప్రతిష్ఠించారు. నాటినుంచి అధికారిగారు తనిఖీలకు నడిచి వెళ్తున్నందున, నడిచి చేసిన తనిఖీ చెల్లనందున, పట్టణంలో పాత కార్లను అడిగేవారు లేకపోయారు. అవి ఒక్కొక్కటిగా ముందుకు నడవడం మొదలుపెట్టాయి.

అది తరువాతి మాట. ఆ మధ్యాహ్నం, అధికారులు జీపు దగ్గర కొలతలు తీసుకుంటుండగా, వరండాలో ముగ్గురూ పులిహోర తిన్నారు. కింద గోదావరి వంపు ఎండలో మెరుస్తోంది. వర్ధనమ్మ దానివైపు చూడటం లేదు. మెట్ల ముందు ఆగి ఉన్న కారువైపు చూస్తున్నారు.

"ఎక్కింది," అన్నారు.

"ఎక్కింది," అన్నారు సోమసుందరం గారు. ముప్ఫై మూడేళ్ల ఉద్యోగంలో ఏ సన్మాన సభలోనూ ఆయన అంత నిటారుగా కూర్చోలేదు.

"ఏం బాజీ, అంత నిటారుగా ఉన్న మలుపు అంత తేలిగ్గా ఎలా ఎక్కిందయ్యా?" అని అడిగారు వర్ధనమ్మ.

బాజీ ఉప్పొంగిపోయాడు. "పెద్ద పిస్టన్లమ్మగారూ! రెండు కార్బురేటర్లు! దానికి తోడు రివర్సు గేరు కదండీ. ఈ పాత బళ్లల్లో గేర్లన్నిటిలోకి బలమైనది అదే. స్పీడుండదు గానీ, గోడైనా ఎక్కేద్ది."

వర్ధనమ్మ చేతిలోని ముద్ద గిన్నెలో పెట్టేశారు. "అంటే, వెనక్కి తిప్పితే పాత ఇంజనుతోనే ఎక్కేదా?"

బాజీ మాస్టారివైపు చూశాడు. మాస్టారు గోదావరి వంపును చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

"ఎక్కేదేనండి," అన్నాడు చిన్న గొంతుతో.

"మా పెళ్లయిన కొత్తలో కూడా?"

"అప్పటికింకా ఇంజను పడుచుదే కదమ్మగారూ. ఇంకా బాగా ఎక్కేదండి."

వర్ధనమ్మ భర్తవైపు తిరిగారు. ఆ చూపులో నలభై అయిదేళ్ల బస్సు ప్రయాణాలున్నాయి. అయినా పెదవుల చివర నవ్వు ఆగడం లేదు. భౌతికశాస్త్రం ఆ క్షణాన సోమసుందరం గారికి ఏ సాయమూ చేయలేదు.

"మరి మూడు నెలలపాటు పొద్దస్తమానం ఆ షెడ్డులో కూర్చుని, మీరిద్దరూ కొత్త ఇంజను చేసింది దేనికయ్యా?"

బాజీ వేళ్లు తుడుచుకుని, మాస్టారి తెల్ల చొక్కానూ, వంగని వీపునూ, కొద్దిగా ఎర్రబడిన చెవులనూ చూసి, ఒక్క క్షణం ఆలోచించాడు.

"జీపు లాగొద్దేటమ్మా మరి?" అన్నాడు.